పసుపు దారం వార్డు

మా లాండ్రీలో నా ముందు నోరెత్తేవాళ్ళు లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా నోరు అలాంటిది. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ పెద్దక్కా అంటారు. నేను అటు తిరగగానే పచ్చిమిరపకాయ అంటారు. రెండూ నిజమే కాబట్టి నాకు దేనికీ అభ్యంతరం లేదు.

మాది ఆసుపత్రి లాండ్రీ. ఎనిమిది వార్డుల దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు అన్నీ మా దగ్గరికే వస్తాయి. ఏ వార్డు గుడ్డ ఆ వార్డుకే తిరిగి పోవాలి. అందుకని ప్రతి గుడ్డకీ ఒక మూల రంగు దారంతో మూడు కుట్లు వేస్తాం. కాన్పుల వార్డుకి ఎరుపు, పిల్లల వార్డుకి ఆకుపచ్చ, మగవాళ్ళ వార్డుకి నీలం. ఇరవై రెండేళ్ళుగా ఆ కుట్లు వేస్తున్నది నేనే. చేతికి ఏ గుడ్డ తగిలినా మూల మూడు కుట్లు పడాల్సిందే, కళ్ళు మూసుకుని వేస్తాను. ఆ మూడు కుట్లే చివరికి నా కొంప ముంచాయి.

ముందు అసలు సంగతి చెప్పాలి. నాకు దొడ్డికి ఆగదు. ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. వస్తోందని తెలిసేలోపే వచ్చేస్తుంది, ఒక్కోసారి తెలియకుండానే వచ్చేస్తుంది. ఇరవై ఏడేళ్ళ కిందట నా కూతురు పుట్టినప్పుడు మొదలైంది. నాలుగు కిలోల పిల్ల, పట్టుకారు వేసి లాగారు, కుట్లు వేసి ఇంటికి పంపారు. మొదట్లో గాలి ఆగేది కాదు, అంతే. తర్వాత ఒక్కోసారి కొంచెం జారేది. పిల్ల పెద్దదైంది, నాకు ముట్లు ఆగిపోయాయి, అప్పట్నుంచి అసలు ఆగడమే మానేసింది. ఈ ఆరేళ్ళూ మరీ దారుణం.

చెప్తే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. నేను మానమే ఉంచుకున్నాను. ఉదయం ఏమీ తినను. తినకపోతే రాదు కదా అని నా లెక్క. టీ మాత్రం తాగుతాను, ఆరు కప్పులు. నా కుట్టు మిషను బాత్రూం తలుపుకి ఆనుకుని వేయించుకున్నాను, వెలుతురు బాగుంటుందని అబద్ధం చెప్పి. బస్సు ఎక్కను, నలభై నిమిషాలు నడిచి వస్తాను. నల్ల బట్టలు తప్ప కట్టను. ఎవరింటికీ పోను, పోయినా తెల్లారేదాకా ఉండను. మా ఆయనకి కూడా చెప్పలేదు. పక్క వేరే వేసుకున్నాను. తన మీద కోపమనుకున్నాడు పాపం. అలా అనుకుంటూనే తొమ్మిదేళ్ళ కిందట పోయాడు.

చిరిగి పక్కన పడేసిన దుప్పట్లలోంచి చదరం ముక్కలు కత్తిరించి, నాలుగు మడతలు పెట్టి కుట్టుకునేదాన్ని. అవే నాకు రక్ష. సాయంత్రం ఉతికే ఆఖరి డ్రమ్ములో, ఎర్ర సంచుల్లో వచ్చిన మురికి గుడ్డల మధ్యలో వాటిని తోసేదాన్ని. వార్డులకు వెళ్ళిపోకుండా వాటికీ ఒక మూల మూడు కుట్లు వేశాను, ఏ వార్డుకీ లేని పసుపు దారంతో. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఆరిన గుడ్డల్లోంచి నేనే ఏరుకునేదాన్ని. ఒకటీ అరా తప్పిపోయేవి. మర్నాడో ఎల్లుండో నా అలమరలో వెనక మూల దొరికేవి. నేనే పెట్టి మరిచిపోయాననుకునేదాన్ని. అవి ఇస్త్రీ చేసి ఉండేవన్న సంగతి నా మట్టిబుర్రకి ఆరేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

ఇలా ఉండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. దాని ఊరు రైల్లో ఆరు గంటల ప్రయాణం. నాలుగో నెల అని చెప్పింది. నేను ఎగిరి గంతేశాను. ఆ తర్వాత అంది:

"అమ్మా, కాన్పుకి నువ్వు నా పక్కనుండాలి. గదిలోకి ఒక్కరినే రానిస్తారట. మా ఆయన్ని నమ్ముకుంటే లాభం లేదు, కోడిగుడ్డు పగిలినా కళ్ళు తిరిగి పడతాడు. నువ్వు ముందే వచ్చెయ్. రెండు నెలలుండు."

రైల్లో ఆరు గంటలు. వాళ్ళింట్లో ఒకే బాత్రూం. కాన్పు గదిలో ఎన్ని గంటలో ఎవరికి తెలుసు?

"నాకు సెలవు దొరకదే," అన్నాను.

"ఇరవై రెండేళ్ళలో నువ్వు సెలవు పెట్టిందెప్పుడు? అన్నీ కలిపినా ఏడాది సెలవుంటుంది నీకు."

"చెప్తే అర్థం కాదా? కుదరదన్నానా!"

"నాకు పెళ్ళయి మూడేళ్ళు. మా ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు నువ్వు. నేనేం తప్పు చేశానో చెప్పమ్మా. చెప్తే దిద్దుకుంటాను కదా."

తప్పు నాదే తల్లీ అనాలి. అనలేదు. కడుపుతో ఉన్న పిల్లకి, నువ్వు పుట్టినప్పుడే నా ఒళ్ళు ఇలా అయిందని ఏ తల్లి చెప్తుంది? చెప్పలేక అరిచాను. అది ఏడుస్తూ ఫోన్ పెట్టేసింది. నేను ఆ పూట మిషను మీద మూడు సూదులు విరిచాను.

ఆ వారంలోనే స్టోర్స్‌కి కొత్త మేడమ్ వచ్చింది. లాండ్రీలో వార్డు తెలియని గుడ్డలు ఎన్నున్నాయో చూడాలంది. మధ్య బల్ల మీద అన్నీ పరిచారు. ఇస్త్రీ దగ్గరున్న ఒక్కరు తప్ప మేం పదిమందిమీ చుట్టూ నిలబడ్డాం. ఆవిడ ఒక్కొక్కటే తీసి చూస్తూ ఒక దగ్గర ఆగింది. నాలుగు మడతల చదరం గుడ్డ. మరక పూర్తిగా పోలేదు. మూలన మూడు పసుపు కుట్లు.

"ఈ పసుపు ఏ వార్డు?"

దారాలు నావి కాబట్టి అందరూ నా వంక చూశారు. ఆరబెట్టే మిషను దగ్గర చేసే అమ్మాయి, దానికి నవ్వు ఆగదు, "పెద్దక్కా, కొత్త వార్డు పెట్టావా ఏంటి?" అంది. ఇంకో క్షణం ఆగితే నేను అక్కడే కూలిపోయేదాన్ని.

అప్పుడు వెనక నుంచి ఇస్త్రీ పెట్టె ఆపిన చప్పుడు వినిపించింది. మా మడతల అన్నయ్య. అరవై దగ్గరికొచ్చిన మనిషి. మడత పెడితే దుప్పటి అంచు గీత గీసినట్టుంటుంది. రోజుకి పది మాటలు కూడా మాట్లాడడు.

"ఆ గుడ్డ నాదండీ," అన్నాడు. "నాకు ఒంట్లో కొంచెం బాలేదు. వేరే వాటిల్లో కలవకుండా పెద్దక్కని అడిగి కుట్టు వేయించుకున్నాను."

ఒక్కసారి అందరూ గొల్లుమన్నారు. ఎవరో ముక్కు మూసుకున్నారు. ఇంకెవరో, "అన్నయ్యకి లంగోటీ కావాల్సి వచ్చిందర్రా," అన్నారు. నేనేం చేశానో చెప్పనా? నోరు మూసుకున్నా బాగుండేది. భయంలో నా నోరు దాని పని అది చేసింది. "సిగ్గులేదూ అన్నయ్యా? వార్డుల గుడ్డల్లో ఇవి కలుపుతావా? ఇంకోసారి ఇలా చేశావంటే ఊరుకోను!" అని అందరి ముందూ అరిచాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట. నేను కుడితిలో ఉండి కూడా శకునాలు చెప్పాను. అన్నయ్య తల వంచుకుని, "సరే చెల్లెమ్మా," అన్నాడు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఇందులో నవ్వేదేముంది? ఇది జబ్బు. దీనికి మన ఆసుపత్రిలోనే కింద పద్నాలుగో గదిలో వైద్యం చేస్తారు. మీరు ఇప్పుడే వెళ్ళండి," అని అన్నయ్యకి చీటీ రాసి చేతిలో పెట్టింది. పాపం మనిషి వద్దనలేక వెళ్ళాడు.

గంట తర్వాత తిరిగొచ్చాడు. అందరూ భోజనాలకి పోయేదాకా ఆగి నేను ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయనే మొదలుపెట్టాడు. నేనెరిగిన ఇరవై ఏళ్ళలో ఆయన అంతసేపు మాట్లాడ్డం అదే మొదలు.

"అక్కడో సిస్టరమ్మ ఉంది. మంచి మనిషి. ఎన్ని కాన్పులయ్యాయని ఒక్కటే అడగలేదు, మిగతావన్నీ అడిగింది. ఎప్పట్నుంచి అంది. ఆరేళ్ళన్నాను. గుడ్డలు కనబడి ఆరేళ్ళేగా. వస్తున్నట్టు ముందు తెలుస్తుందా, తెలీకుండా పోతుందా అంది. గాలికీ దానికీ తేడా తెలుస్తుందా అంది. నీ సంగతి నేనేం చెప్పను? ఒకసారి అవునన్నాను, ఒకసారి కాదన్నాను."

"తర్వాత?"

"బల్ల మీద పడుకోమంది. పరీక్ష చెయ్యాలంది. అప్పుడు లేచి నిలబడ్డాను. సిస్టరమ్మా, నా వల్ల అయ్యేది ఇంతవరకే అన్నాను."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముక్కు చీదుకోవడానికి వార్డు దిండు గలీబు వాడేశాను.

"ఆవిడకి అర్థమైపోయింది. నవ్వింది. ఎవరిదో వాళ్ళని గురువారం రెండు గంటలకి రమ్మను, ఆ టైములో ఎవరూ ఉండరు, వెనక తలుపు నుంచి రావచ్చు అంది. ఇదుగో చీటీ."

"నీకెప్పట్నుంచి తెలుసన్నయ్యా?"

"మొదటి గుడ్డ ఇస్త్రీ చేసినప్పట్నుంచి."

"మరి ఒక్కసారైనా అడగలేదే?"

"నువ్వు అడగనిచ్చే మనిషివా?" అన్నాడు. అని, పెట్టె వేడి చూసుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "మా అమ్మకీ ఇలాగే ఉండేది. ఆఖరి నాలుగేళ్ళు గది దాటలేదు. వయసు మీద పడిందిలే అనుకున్నాం. వైద్యం ఉందని మాకెవరికీ తెలీదు. నువ్వలా గదిలో కూర్చోకు చెల్లెమ్మా."

నేను ఆయన్ని అందరి ముందూ తిట్టి ఇంకా రెండు గంటలు కాలేదు.

గురువారం వెనక తలుపు నుంచి వెళ్ళాను. సిస్టర్ నాకన్నా పదేళ్ళు చిన్నది. కూర్చోమని, "ఇస్త్రీ అన్నయ్య చెప్పిన ఆరేళ్ళు మీవేనా?" అంది. అవునన్నాను. అంతే, ఇంక నోరు ఆగలేదు. ఇరవై ఏడేళ్ళదీ కక్కేశాను. ఆవిడ ముక్కు మూసుకోలేదు, మొహం తిప్పుకోలేదు, రాసుకుంది. మధ్యలో ఒకసారి మాత్రం, "ఈ వారంలో ఈ గదికి వచ్చినవాళ్ళలో మీరు పదమూడో మనిషి. ప్రతివాళ్ళూ తమకొక్కరికే అనుకుంటారు," అంది. పదమూడు మంది! వాళ్ళంతా ఎక్కడ దాక్కున్నారు? నాలాగే ఏదో ఒక తలుపు పక్కన కూర్చుని ఉంటారు.

తర్వాత డాక్టరమ్మ వచ్చింది. తొడుగు వేసుకుని, చేసేదేమిటో ముందే చెప్పి, వేలితో పరీక్ష చేసింది. "గట్టిగా బిగించండి," అంది. బిగించాను. "ఊఁ, బిగించండి," అంది మళ్ళీ. "ఇందాకట్నుంచి బిగిస్తూనే ఉన్నానమ్మా, నా బిగింపు ఇంతే," అన్నాను. సిస్టర్ ఫక్కున నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఇరవై ఏడేళ్ళలో ఈ విషయం మీద నేను నవ్వడం అదే మొదటిసారి. మరో రోజు చిన్న బుడగ ఉన్న సన్నటి గొట్టం పెట్టి లోపల ఎంత పట్టు ఉందో, ఎంత నిండితే నాకు తెలుస్తోందో కొలిచారు. స్కానింగ్ కూడా తీశారు.

డాక్టరమ్మ బొమ్మ చూపించి చెప్పింది. "దారి చుట్టూ వలయంలా కండరం ఉంటుందమ్మా. దీన్ని గడియారం అనుకోండి. మీకు పది నుంచి రెండు వరకు కండరం లేదు. కాన్పులో తెగింది. అప్పుడే చూసి కుట్టాల్సింది. పైన కుట్టి లోపలిది వదిలేశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. పై బట్ట కుట్టి లోపలి అస్తరు వదిలేస్తే ఏ దర్జీనైనా మేం తన్ని తరిమేస్తాం! నేను మా ఆయనకి దూరంగా పక్క వేసుకున్నదీ, కూతురింటికి పోలేనిదీ ఎవడో బద్ధకిష్టి అరగంట పని ఎగ్గొట్టినందుకా? అక్కడే లంకించుకున్నాను. డాక్టరమ్మ నన్ను పూర్తిగా తిట్టనిచ్చింది. మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

"ఇంతకాలానికి మళ్ళీ కుడితే నిలుస్తుందని చెప్పలేను," అంది. "ముందు ఆపరేషన్ లేకుండా చూద్దాం. పూర్తిగా పోతుందని మాటివ్వను. చాలామందికి బాగా తగ్గుతుంది. చాలకపోతే నరానికి సన్నగా కరెంటిచ్చే పద్ధతి ఉంది, ఇంకా దారులున్నాయి."

"అయిదు నెలల్లో తగ్గుతుందా?" అన్నాను. "నా కూతురి కాన్పు గదిలో నేనుండాలి."

"ఇంటికెళ్ళి పని చేసేది మీరు. మీరు చెప్పాలి," అంది.

పని మొదలైంది. సిస్టర్ ఒక పుస్తకం ఇచ్చి రెండు వారాలు అన్నీ రాయమంది, ఏం తిన్నాను, ఏం తాగాను, ఎప్పుడు వెళ్ళాను, ఎప్పుడు జారింది. రాతంటే నాకు ప్రాణం మీదకొస్తుంది. కలం పట్టుకుంటే నిద్ర వస్తుంది. అందుకని నాకొచ్చిన పని చేశాను. తెల్ల గుడ్డ పట్టీ ఒకటి తీసి, రోజుకో గడి చొప్పున కుట్టాను. వేళకి వెళ్తే నీలం, జారితే పసుపు, టీ తాగితే గోధుమరంగు, తిండి తింటే ఆకుపచ్చ. రెండు వారాల తర్వాత పుస్తకం ఖాళీగా తీసుకెళ్ళి పట్టీ బల్ల మీద పరిచాను. తిడుతుందేమో అనుకున్నాను. సిస్టర్ దాన్ని వేలితో తడుముతూ చాలాసేపు చూసింది.

"పెద్దక్కా, ఇది చూశారా?" అంది. ఆవిడకీ అప్పటికి పెద్దక్కనే అయిపోయాను. "గోధుమరంగు ఎక్కువున్న గడిలోనే పసుపు ఎక్కువుంది. ఆకుపచ్చ ఎక్కడా ఉదయం లేదు. తినకపోతే రాదనుకుని కడుపు మాడుస్తున్నారు. ఆ ఖాళీ కడుపు మీద ఆరు టీలు పోసి మీరే దాన్ని తరుముతున్నారు."

ఇన్నేళ్ళుగా రక్ష అనుకున్నదే నా నెత్తిన నేను పెట్టుకున్న కొరివన్నమాట. మరి ఆ ముక్క ఎవరినైనా అడిగితే కదా తెలిసేది!

టీ రెండు కప్పులకి దించింది. పీచు పొడి నీళ్ళలో కలిపి తాగమంది. పొద్దున వేళకి తిని, తిన్న అరగంటకి కాళ్ళ కింద చిన్న పీట పెట్టుకుని కూర్చోమంది, తొందరపడకుండా, ముక్కకుండా. విరేచనం గట్టిపడే మాత్ర చిన్న మోతాదులో ఇచ్చింది. ఒరిసిపోయిన చర్మానికి క్రీము ఇచ్చింది. ఇక బిగింపులు. పది లెక్కపెట్టేదాకా బిగించి వదలాలి, పది సార్లు, రోజుకి మూడు పూటలా. ఆసుపత్రిలో వారానికోసారి గొట్టం పెట్టి తెర మీద గీత చూపించేది. నేను బిగిస్తే గీత లేవాలి. మొదటి రోజు అది చచ్చిన పాములా పడుకుంది. "లేవవే, ముదనష్టపుదానా!" అన్నాను. సిస్టర్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నాలుగో వారానికి లేచింది.

ఇంకో పని కూడా మిగిలిపోయింది. లాండ్రీలో అన్నయ్యని ఇంకా ఏడిపిస్తూనే ఉన్నారు. ఆయన వస్తుంటే దారివ్వండర్రా, అర్జెంటేమో అనేవాళ్ళు. ఆయన చిరునవ్వు నవ్వి ఊరుకునేవాడు. ఎవరి పాపం ఎవరు మోస్తున్నారు? నాకు రోజూ అన్నం సయించేది కాదు. ఒకరోజు ఆరబెట్టే అమ్మాయి మళ్ళీ ఏదో అంది, అందరూ నవ్వారు. నేను కత్తెర బల్ల మీద విసిరికొట్టాను.

"ఆ గుడ్డ నాదర్రా!"

మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి, మనుషులే ఆగిపోయారు.

"పసుపు దారం నాది. మరక నాది. జబ్బు నాది. నా పరువు కోసం అన్నయ్య అబద్ధం చెప్తే, అది చాలదన్నట్టు నేనే ఆయన్ని తిట్టాను. ఇప్పుడు నవ్వేవాళ్ళు నా మొహం చూసి నవ్వండి. చూస్తాను ఎంతమంది నవ్వుతారో!"

ఒక్కరూ నవ్వలేదు. అన్నయ్య అటు తిరిగి గలీబుని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. సాయంత్రం ఆరబెట్టే అమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. దాని రెండో పిల్లకి ఏడాది. చాలాసేపు వేళ్ళు విరుచుకుని, "ఆ గది నంబరెంతన్నావు పెద్దక్కా?" అంది.

పట్టీ పొడుగవుతూ వచ్చింది. మొదటి నెల గడికి మూడు నాలుగు పసుపులు, మూడో నెలకి రెండు మూడు గడులకి ఒకటి, అయిదో నెలలో మొత్తానికి నాలుగు. పోయిందని అనను. తగ్గింది. ముఖ్యంగా, వస్తోందని తెలిశాక అయిదారు నిమిషాలు ఆపగలుగుతున్నాను. మీకు అయిదు నిమిషాలంటే ఏమీ కాకపోవచ్చు, నాకది ఒక ఊరు రాసిచ్చినంత.

సెలవు పెట్టి, వస్తున్నానని కూతురికి ఫోన్ చేశాను. రైలెక్కాను. సంచిలో గుడ్డలూ మాత్రలూ పెట్టుకుని, బోగీ చివర సీటు చూసుకుని కూర్చున్నాను. ఆరు గంటల్లో రెండుసార్లు లేచాను, రెండుసార్లూ వేళకే చేరాను. స్టేషన్లో కూతురు కొండంత పొట్టతో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వలేదు. మొహం ముడుచుకునే, "వచ్చావా?" అంది.

ఆ సాయంత్రం మంచం మీద కూర్చోబెట్టి పట్టీ దాని ఒళ్ళో పరిచాను. ఒక్కో రంగూ ఏమిటో చెప్పాను. అది మొదట అర్థం కాక చూసింది, తర్వాత మొదటి నెల పసుపు గడుల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది.

"నా పెళ్ళి ఫొటోల్లో ప్రతిదాంట్లోనూ నువ్వు తలుపు పక్కనే ఉన్నావు," అంది చివరికి. "ఎప్పుడెప్పుడు వెళ్ళిపోదామా అని చూస్తున్నావనుకున్నాను. నీకు నేనంటే ఇష్టం లేదనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ."

"పిచ్చి మొహమా," అన్నాను. ఇంకేదో గట్టిగా తిడదామనుకున్నాను, నోరు రాలేదు.

"నా వల్లేనా ఇది?"

"నీ వల్ల కాదు. సరిగ్గా కుట్టనివాళ్ళ వల్ల. అందుకే నీకు చెప్తున్నాను. మీ ఆసుపత్రివాళ్ళకి ముందే చెప్పు, మా అమ్మకి ఇలా అయింది, నాకు జాగ్రత్తగా చూడండి అని. అడగడానికి సిగ్గుపడకు. సిగ్గుపడి నేనేం బావుకున్నాను?"

మర్నాడే చెప్పింది. నర్సమ్మ రాసుకుంది.

పన్నెండో రోజు తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయి. పొద్దున ఏడింటికి కాన్పు గదిలోకి తీసుకెళ్ళారు. అల్లుడు బయట బల్ల మీద అప్పుడే తెల్లబోయి కూర్చున్నాడు. లోపల అది నా చెయ్యి పట్టుకుంది. పట్టంటే పట్టు కాదు, నా వేళ్ళు నలిగిపోయాయి. తొమ్మిది దాటింది, పన్నెండు దాటింది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు నాకు కడుపులో కదిలింది.

నాకు తెలుసు అదేమిటో. బిగించాను. ఒకటి, రెండు, మూడు. ఇదివరకటి నేనైతే ఏదో ఒక అబద్ధం చెప్పి, లేదా దేనికో దానికి ఎవరినో తిట్టి, బయటికి పారిపోయి మళ్ళీ మొహం చూపించేదాన్ని కాదు. వంగి దాని చెవిలో చెప్పాను.

"అమ్మలూ, నాకు బాత్రూంకి వెళ్ళాలి. ఇప్పుడే వెళ్ళాలి. అయిదు నిమిషాల్లో వస్తాను."

చెమటలో తడిసిన మొహంతో అది నా వంక చూసింది. ఇంత నొప్పిలోనూ పెదవి చివర నవ్వింది.

"వెళ్ళిరా అమ్మా. నేనెక్కడికీ పోను. వీణ్ణి ఆపుతాను."

"నువ్వు ఆపకు తల్లీ, ఆపడం నా పని," అని పరిగెత్తాను. చేరాను. వేళకే చేరాను. నాలుగు నిమిషాల్లో వచ్చి మళ్ళీ చెయ్యిచ్చాను. బిడ్డ తల కిందకి వస్తున్నప్పుడు నర్సమ్మ చేత్తో కింద ఆనించి పట్టుకుని, నెమ్మదిగా, నెమ్మదిగా అంటూనే ఉంది. మూడుంపావుకి మగపిల్లాడు. వాడూ నాలుగు కిలోలే, మా వంశంలో చిన్న సైజు లేదు.

తర్వాత డాక్టర్ వచ్చి లైటు దగ్గరగా లాగి, వేలితో లోపల కూడా పరీక్ష చేసి చూశాడు. "తెగిందమ్మా," అన్నాడు. "లోపలి కండరం కొంత తెగింది. ముందే చెప్పారు కాబట్టి వెతికి చూశాం. ఇప్పుడే ఆపరేషన్ గదిలో కుట్టేస్తాం."

"లోపలి అస్తరు ముందు," అన్నాను, నా నోరు ఊరుకుంటుందా? "పై బట్ట తర్వాత."

"అలాగే," అన్నాడు నవ్వుతూ. "వరస వరసగా కుడతాం."

దాన్ని తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, "అమ్మా, ఇక్కడే ఉంటావుగా?" అంది. ఉంటానన్నాను. పిల్లాణ్ణి గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. గదిలో రెండు కుర్చీలున్నాయి. ఒకటి తలుపు పక్కన, ఒకటి ఆ చివర కిటికీ దగ్గర. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.